హోలీ ‘మనది’ కాదంటే, ఆ ‘మనం’ ఎవరం?

ఫాల్గుణం వచ్చిందంటే ఈ మాట ఏదో ఒక మూల వినబడుతూనే ఉంటుంది. ఈసారి మా అపార్ట్‌మెంటు మీటింగులో విన్నాను. పౌర్ణమి రాత్రి వెనక ఖాళీ స్థలంలో కాముణ్ణి కాలుద్దామని, పిల్లలకు తలా కొంత చందా ఇద్దామని ఒకావిడ అడిగింది. ముందు వరసలో ఉన్న పెద్దాయన లేచి, “ఎందుకమ్మా ఇవన్నీ? హోలీ మన పండుగ కాదు. నార్త్ వాళ్లది. సినిమాలు చూసి మనవాళ్లు నేర్చుకున్నారు. మనకు ఉగాది లేదా, సంక్రాంతి లేదా?” అన్నారు. నలుగురైదుగురు తలలూపారు. చందా మాట అక్కడితో ఆగిపోయింది.

ఆయన మంచి మనిషి, తెలుగు మీద ప్రేమున్న మనిషి. అందుకే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది. ఇదే మాట చదువుకున్నవాళ్ల నోట, టీవీ చర్చల్లో, తెలుగు భాషాభిమానుల సభల్లో ఏళ్లుగా వింటున్నాను. ఎవరూ ఎదురు చెప్పకపోవడం వల్ల అది నిజమైపోయింది.

ముందు ఆ వాదాన్ని, దాని బలం తగ్గించకుండా చెబుతాను. ‘హోలీ’ అనే పేరే తెలుగు కాదు. మన పాత సాహిత్యంలో, చరిత్రలో ఈ పండుగ జాడ లేదు. మన పల్లెల్లో తాతల కాలాన ఎవరూ రంగులు చల్లుకోలేదు. హిందీ సినిమాలు, దూరదర్శన్, కాలేజీ హాస్టళ్లు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీలు దీన్ని మోసుకొచ్చాయి. ఇప్పుడు మిగిలింది డీజే మోత, రెయిన్ డాన్సులు, ఒంటి నుంచి వారం రోజులైనా వదలని రసాయన రంగులు, రంగు సాకుతో ఆడపిల్లల మీద చేతులు వేయడం. ఉత్తరాది సంస్కృతి దేశమంతటా పరుచుకుంటున్న ఈ రోజుల్లో ఎవరి పండుగలు వాళ్లు కాపాడుకోవాలి. ఇదీ వాదం. చివరి మాటతో నాకు పేచీ లేదు. మన పండుగల్ని మనం కాపాడుకోవాలి. అందుకే మిగతా మాటలన్నీ తప్పని చెబుతున్నాను.

మొదటిది: పేరు

పేరు హిందీది కాబట్టి పండుగా హిందీవాళ్లదే అన్న తర్కం ఒక్క అడుగు కూడా నిలబడదు. దీపావళిని నేడు సగం దుకాణాలు ‘దివాళీ ఆఫర్’ అని రాసుకుంటున్నాయి. అంతమాత్రాన నరక చతుర్దశి మనది కాకుండా పోయిందా? పైన అంటించిన చీటీ మారింది, లోపలి సరుకు మారలేదు.

ఈ పండుగకు మన పేర్లు ఒకటి కాదు, నాలుగున్నాయి. తెలంగాణలో కాముని పున్నమి. ఉత్తరాంధ్ర కోవెలల్లో డోలోత్సవం. పంచాంగంలో కామదహనం. కావ్యాల్లో వసంతోత్సవం. ఫాల్గుణ శుద్ధ పౌర్ణమి ఎదురుగా చాలా తెలుగు పంచాంగాల్లో ఈ మాటలు ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నాయి. చదవడం మానేసింది మనం.

ఇంకో సంగతి. ‘ఈ పండుగ ఫలానా దిక్కు వాళ్లదేనా, అందరిదీనా’ అన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. జైమిని మీమాంసా సూత్రాలకు శబరస్వామి రాసిన భాష్యంలో హోలాకాధికరణం అని ఒక చర్చే ఉంది. హోలాకను తూర్పువాళ్లు చేస్తున్నారు, మరి అది వాళ్లకు మాత్రమే పరిమితమా అన్నది అక్కడి సందేహం. ఆచారాన్ని దిక్కుతో కట్టేయడానికి వీల్లేదు, అది అందరికీ చెల్లుతుందన్నది అక్కడి సిద్ధాంతం. గమనించండి, ఆ చర్చలో హోలాక ఉత్తరాదివాళ్లది కానే కాదు, తూర్పువాళ్లది. ఒక దిక్కుకు రాసిచ్చేయడం ఎంత పాత పొరపాటో, దానికి జవాబూ అంతే పాతది.

రెండోది: చరిత్రలో లేదన్న మాట

శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే ‘గాథాసప్తశతి’ దగ్గర మొదలుపెడదాం. అది ప్రాకృతం. కానీ అందులోని పల్లెలు దక్కన్ పల్లెలు, అందులో తెలుగు మాటల జాడలున్నాయని మన భాషావేత్తలు చూపించారు. ఆ సంకలనంలో ఫాల్గుణపు పండుగ మీద ఒక గాథ ఉంది. పండుగనాడు తప్పు పట్టకూడదన్న చనువుతో ఎవరో ఒక పడుచుకు బురద పూస్తారు. ఆమె దాన్ని కడుక్కోబోతుంది. చెమటకు అది ఎప్పుడో కరిగిపోయింది కదా, ఇంకా ఎందుకు కడగడం అని చెలికత్తె ఆటపట్టిస్తుంది. పూసింది ఎవరో చెలికత్తెకు తెలుసు, పాఠకుడికీ తెలిసిపోతుంది. ఇందులో రాజు లేడు, కోట లేదు. పల్లె వీధి, మట్టి, పరాచికం. ఫాల్గుణంలో ఒకరికొకరు పూసుకునే ఈ ఆటకు ఇంతకంటే పాత సాక్ష్యం ఉత్తరాదివాళ్లే వెతుక్కోవాలి.

తర్వాత కొండవీడు. 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరి రెడ్డి బిరుదే కర్పూర వసంతరాయలు. ఆయన పేరు మీద ఉన్న నాట్యశాస్త్ర గ్రంథం ‘వసంతరాజీయం’. ఏటేటా జరిగే వసంతోత్సవంలో కర్పూరం, కస్తూరి, పన్నీరు వెదజల్లేవారు. ఆ సుగంధాలను సముద్రాల అవతలి నుంచి ఓడల మీద తెప్పించి అందించిన వర్తకుడు అవచి తిప్పయ్య శెట్టి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఈ తిప్పయ్యకే. అంటే తెలుగులో ఒక మహాకావ్యానికి కృతిభర్త వసంతోత్సవానికి సరుకు పంపిన వ్యాపారి. సి. నారాయణరెడ్డి ఆ రాజునూ, నర్తకి లకుమనూ తీసుకుని ‘కర్పూర వసంతరాయలు’ రాస్తే తెలుగువాళ్లు గుండెకు హత్తుకున్నారు. ఆ పుస్తకాన్ని ప్రేమించినవాళ్లే వసంతాలాట పరాయిదనడం నాకు మింగుడుపడదు.

ఇక్కడ ఒక మంచి అభ్యంతరం వస్తుంది: అవి రాజుల వేడుకలు, పైగా చాలావరకు చైత్రంలో జరిగేవి, జనం పండుగకూ వాటికీ సంబంధమేమిటని. అడగాల్సిన ప్రశ్నే. పదిహేనో శతాబ్ది తొలి భాగంలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికోలో కాంటి దీనికి జవాబు చెబుతాడు. పండుగ రోజుల్లో దారి పక్కన కుంకుమపువ్వు నీళ్లు పెట్టి ఉంచేవారట. వచ్చే పోయే వాళ్లందరి మీదా, రాజూ రాణీ అయినా సరే, చల్లేవారట. అందరూ నవ్వుతూ తడిసేవారట. నీళ్లు ఉన్నది అంతఃపురంలో కాదు, వీధిలో. చల్లింది వీధి జనం. హంపిలో మహానవమి దిబ్బ రాళ్ల మీద చిమ్మనగొట్టాలతో రంగునీళ్లు చిమ్ముకునే బొమ్మల్ని ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు.

నెల మాటకొస్తే, ఫాల్గుణ పౌర్ణమికీ చైత్రానికీ మధ్య ఉన్నది పదిహేను రోజులు. ఇది ఒక రోజు పండుగ కాదు, ఒక ఋతువు పండుగ. భద్రాచలం చూడండి. శ్రీరామనవమి పెళ్లిపనులు అక్కడ మొదలయ్యేది సరిగ్గా ఫాల్గుణ పౌర్ణమినాడే. రోలూ రోకలీ పూజించి, పసుపు దంచి, తలంబ్రాలు కలుపుతారు. వాటిలో గులాలు పడుతుంది. ఆ రోజే వసంతోత్సవం, డోలోత్సవం. గులాలు పరాయిదంటే సీతమ్మ తలంబ్రాల్లోంచి దాన్ని ఏరి పారేయగలమా?

మూడోది: పల్లెల్లో లేదన్న మాట

ఏ పల్లెల్లో? ఈ ఒక్క ప్రశ్న అడిగితే వాదం సగం కూలిపోతుంది.

మాది నిజామాబాద్ వైపు. పౌర్ణమి ఇంకా పదిరోజులుందనగానే పిల్లలం రెండేసి కోలలు పట్టుకుని, చీకటి పడ్డాక ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. జాజిరి పాట, కోలల చప్పుడు, గుమ్మంలో లాంతరు. బియ్యమో జొన్నలో పదిపైసల బిళ్లో వేసేవాళ్లు. వేయని ఇంటి ముందు పాట మారేది, కొంచెం మోటుగా. కాముడికి కట్టెలు దొంగిలించడం తప్పు కాదన్నది పిల్లల చట్టం. విరిగిన మంచం కోళ్లు, పాత నాగలి చెక్క, కంచెలోని ముళ్లకంప. మా వాడలో ఒక ముసలవ్వ తన మంచం కోడు పోయిందని వీధంతా వినబడేలా తిట్టేది. పౌర్ణమి రాత్రి అదే కోడు మంటలో కనబడితే, “కాలనియ్యి బిడ్డా, కాముడే కదా” అనేది. మంట చల్లారాక ఆ బూడిద నొసట పెట్టుకుని ఇంటికి పోవాలి.

రంగు మోదుగపూలది. చెట్టుకు ఒక్క ఆకు లేకుండా, అడవికి నిప్పంటుకున్నట్టు పూస్తుంది మోదుగ. పువ్వు చిలకముక్కులా వంకర తిరిగి ఉంటుంది, వాసన ఉండదు, పట్టుకుంటే వెల్వెట్ గుడ్డలా తగులుతుంది. నాయనమ్మ వాటిని నీడన ఆరబెట్టి, కుండలో నీళ్లు పోసి, పొయ్యి మీద రాత్రంతా సన్నసెగ మీద ఉంచేది. తెల్లారేసరికి కుండలో నీళ్లు పండిన నారింజ తొక్క రంగులో ఉండేవి. చిటికెడు సున్నం వేస్తే రంగు ఇంకా చిక్కబడేది. ఆ నీళ్లు కళ్లలో పడినా మంట ఉండేది కాదు. మా అమ్మ పాత తెల్లచీర మీద ఆ మరక లేత పసుపుగా ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఆ రోజుల్లో మా ఇంట టీవీ లేదు. నాయనమ్మ జన్మలో హిందీ సినిమా చూడలేదు. ఆమెకు హోలీ ఎవరు నేర్పారో ఆ పెద్దాయన చెప్పాలి.

మా ఊరొక్కటే అయితే దాన్ని మినహాయింపు అనుకోవచ్చు. బోధన్ దగ్గర హున్సాలో ఇదే రోజు ఊరు రెండుగా చీలి, మధ్యన తాడు కట్టి, పిడిగుద్దులాట ఆడుతుంది. ఆ దెబ్బలాటను నేను సమర్థించను, కానీ దాన్ని ముంబయి నుంచి ఎవరూ తేలేదు. ఆదోని వైపు సంతెకుడ్లూరులో మగవాళ్లు చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. అటు ఉత్తరాంధ్రలో శ్రీకూర్మంలో కామదహనంతో మొదలైన వేడుక మూడో రోజు డోలోత్సవంతో ముగుస్తుంది. సింహాచలంలో అప్పన్న ఈ పౌర్ణమికి కొండ దిగి వస్తాడు. చెల్లెలు పైడితల్లి కూతుర్ని తనకిమ్మని అడగడానికి వస్తాడని అక్కడి జనం నమ్మకం. ఉయ్యాల, వసంతం, పెళ్లి మాటలు. చైత్రంలో కళ్యాణం. మేనమామ పిల్లనడగడం కంటే తెలుగు ఆచారం ఇంకేముంటుంది?

తెలంగాణ, రాయలసీమ అంచు, ఉత్తరాంధ్ర, గోదావరి ఒడ్డున భద్రాచలం. ఇన్నిటిని తీసేశాక మిగిలేది నడిమి కోస్తా. కృష్ణా, గుంటూరు, గోదావరి డెల్టా పల్లెల్లో ఇంటింటా రంగులాట లేదన్నది నిజం, ఒప్పుకుంటాను. కానీ ఒక ప్రాంతపు అనుభవాన్ని మొత్తం తెలుగువాళ్ల అనుభవంగా చెప్పే అలవాటు మన పాఠ్యపుస్తకాలకూ పత్రికలకూ చాలాకాలంగా ఉంది. హోలీ విషయంలో జరిగింది కూడా అదే. డెల్టాలో లేదు కాబట్టి తెలుగునాట లేదు.

నిజానికి డెల్టాలోనూ పూర్తిగా లేదనలేం. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. దాన్ని వసంతం అంటారు. పెళ్లిళ్లలో, దేవుడి కళ్యాణం అయ్యాక, జాతర చివరి రోజున వసంతాలు ఆడడం పాతతరం వాళ్లందరికీ తెలుసు. వియ్యాలవాళ్ల పంచెలు ఎర్రగా తడిసిపోయిన పెళ్లిళ్లు మన ముందుతరం చూసింది. ఒకరి మీద ఒకరు రంగునీళ్లు పోసుకుని నవ్వుకోవడం తెలుగువాడికి తెలియని ఆట అని ఎవరు చెప్పినా నేను నమ్మను.

నాలుగోది: ‘మనం’ అన్న మాట

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇది. పేరు, పుస్తకం, ఊరు అన్నీ పక్కన పెట్టండి. ‘మనది కాదు’ అన్నప్పుడు ఆ ‘మనం’లో లంబాడీలు ఉన్నారా?

తెలంగాణ తండాల్లో హోలీని మించిన పండుగ లేదు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కన్‌కు వచ్చి శతాబ్దాల కిందటే ఈ నేల మీద స్థిరపడినవాళ్లు వాళ్లు. ఫాల్గుణం పొడవునా తండాలో లేంగి పాటలు సాగుతాయి. చాలా తండాల్లో తెల్లవారుజామున మంట వేస్తారు. పోయిన హోలీ తర్వాత పుట్టిన మగబిడ్డకు ఢూండ్ జరుపుతారు. తండా మగవాళ్లంతా ఆ ఇంటి ముందు చేరి, కర్రలు తాటిస్తూ బిడ్డను దీవిస్తూ పాడతారు. ఆ రోజు ఆ బిడ్డ తండావాడవుతాడు. ఇది పిల్లవాడికి ఊరు చేసే స్వాగతం. దీన్ని ‘నార్త్ వాళ్ల పండుగ’ అన్నామంటే, పక్కింటివాణ్ణి వాడి వాకిట్లో నిలబడే నువ్వెక్కడివాడివని అడిగినట్టే.

ఆదిలాబాద్ గోండుల సంగతీ అంతే. వాళ్లకిది దురాడి. ఆడ, మగ గుర్తులుగా రెండు గడలు నిలిపి కాల్చి, మర్నాడు మోదుగ రంగు చల్లుకుంటారు. వాళ్లకు హోలీ నేర్పేంత దూరం ఏ సినిమా వెళ్లలేదు, వాళ్లు మనకంటే ముందునుంచీ ఇక్కడే ఉన్నారు. ఇక గోల్కొండ. 1580 నుంచి 1612 దాకా ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో బసంత్ మీద, రంగుల మీద కవితలు రాశాడు. హైదరాబాద్ కట్టిన రాజే వసంతాన్ని పాడుకున్నాడు.

లంబాడీలను, గోండులను, దక్కనీ ముస్లింలను, తెలంగాణ పల్లె పిల్లలను, ఉత్తరాంధ్ర భక్తులను బయట నిలబెట్టి, లోపల మిగిలిన కొద్దిమందిని ‘మనం’ అనుకుంటే అప్పుడు హోలీ మనది కాదు. ఆ ‘మనం’లో ఉండడానికి నేను ఒప్పుకోను.

ఐదోది: ఇప్పుడు ఆడే హోలీ చెడిపోయిందన్న మాట

చెడిపోయింది. టికెట్ పెట్టి, ట్యాంకర్లతో నీళ్లు తెప్పించి, చెవులు పగిలే పాటల మధ్య ఆడే ఆట నాకూ పండుగలా అనిపించదు. ‘హోలీ కదా, ఏమనుకోకు’ అంటూ ఆడపిల్లను తాకేవాడిది నేరం. పాత రోజులన్నీ బంగారమనీ అనను. కాముడి పాటల్లో బూతు ఉండేది. ఆడపిల్లలు ఆ రాత్రి ఇళ్లలోంచి బయటికి రాని ఊళ్లు ఉండేవి.

కానీ దీన్నుంచి ‘కాబట్టి మనది కాదు’ అన్న ముగింపు ఎలా వస్తుంది? సంక్రాంతికి కోడిపందేల మీద కోట్లు కాస్తున్నారని సంక్రాంతిని వదిలేశామా? వినాయక చవితికి రసాయన రంగుల విగ్రహాలు చెరువుల్ని పాడుచేస్తే మట్టి విగ్రహాలు పెట్టండని ఊరూరా చెప్పుకున్నాం. చవితి మనదనుకున్నాం కాబట్టి బాగుచేసుకున్నాం. హోలీని పరాయిదని వదిలేశాం కాబట్టి దాన్ని ఈవెంట్ నడిపేవాళ్లు పట్టుకుపోయారు. కుండలో మోదుగపూలు ఉడికించడం తెలిసిన ముసలమ్మను అడిగేవాళ్లు లేక, పిల్లలు దుకాణంలో దొరికిన ప్యాకెట్ కొనుక్కున్నారు. చెడిపోవడానికి కారణాల్లో ‘మనది కాదు’ అన్న మాట కూడా ఒకటి.

చివరిగా, అవతలి పక్షానికి

హోలీ అంటే దేశమంతా ఒకటే కథ, హోలిక, ప్రహ్లాదుడు అంతే, అనేవాళ్లూ ఇప్పుడు పెరిగారు. మా ఊరి బడిలోనే పిల్లలు హోలిక బొమ్మ గీస్తున్నారు, కాముడెవరంటే తెలియదు. ప్రహ్లాదుడు మనకు పరాయివాడు కాడు. అహోబిలం, సింహాచలం ఉన్న నేల ఇది. ఆ కథను ఇంతగా కొలిచిన నేల మీద కూడా ఫాల్గుణ పౌర్ణమి మంట మాత్రం కాముడిదే అయింది. శివుడి మూడోకంటికి బూడిదైన మన్మథుడు, అతని కోసం ఏడ్చిన రతి. చలి పోయి వేడి మొదలయ్యే రాత్రి కోరికను కాల్చి, మర్నాడు రంగులతో దాన్ని మళ్లీ బతికించుకునే కథ. ఇంత లోతైన కథను ఒకే నమూనా కింద తొక్కేయడం నాకు సమ్మతం కాదు.

పరాయిదని తోసేసేవాళ్లూ, ఒకటే కథ అని కలిపేసేవాళ్లూ ఒకే చోటినుంచి మాట్లాడుతున్నారు. తెలుగునాట కాముడు లేడన్నదే ఇద్దరి నమ్మకం. ఇద్దరి మధ్యా నలిగిపోయేది జాజిరి పాడే పిల్లలు.

అందుకని మా పెద్దాయనకు నా జవాబు ఇది. అయ్యా, చందా నేనిస్తాను. ఖాళీ స్థలంలో కాముడు కాలతాడు. నగరం దాటి గంట ప్రయాణం చేస్తే రోడ్డు పక్కన మోదుగలు ఇప్పటికీ పూస్తున్నాయి, ఆదివారం పిల్లల్ని తీసుకుని నేనే వెళ్తాను. కారులో ఒక చోటు ఖాళీగా ఉంది, మీరూ రండి. పూలు కోయడానికి సంచీ మాత్రం గుడ్డది తెచ్చుకోండి, ప్లాస్టిక్ సంచీలో అవి సాయంత్రానికే కుళ్లిపోతాయి.